హోం నెలకి అడుగుతుంది, పొలం ఏడాదికి ఇస్తుంది: మా అమ్మమ్మ వేయించిన లెక్క

ఈరోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్. మామూలుగా మనం ఫోన్లు, యాప్‌లు, జీతం లెక్కలు మాట్లాడుకుంటాం కదా. ఈసారి మా అమ్మమ్మ గురించి. స్కిప్ చేయకండి, ఎందుకంటే చివరికి ఇది మీ నాన్న గురించి, మీ అమ్మ గురించి, ఇంకో ముప్పై ఏళ్లకి మీ గురించి కూడా.

మా అమ్మమ్మకి 74 ఏళ్లు. గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. తాతయ్య పోయి ఆరేళ్లయింది, ఒక్కతే ఉంటుంది. మామయ్య హైదరాబాద్‌లో, అమ్మ ఒంగోలులో. పోయిన సంవత్సరం బాత్రూంలో జారి పడింది. ఎముక విరగలేదు గానీ, రాత్రంతా అక్కడే ఉండిపోయింది. తెల్లారి పాలు పోసే ఆవిడ వచ్చి తలుపు కొడితే తెలిసింది.

తర్వాత మామయ్య హైదరాబాద్ తీసుకెళ్లారు. ఎనిమిదో అంతస్తు. మూడు నెలలుండి, "ఇక్కడ నాతో మాట్లాడేది లిఫ్టు ఒక్కటేరా" అని తిరిగొచ్చేసింది. అప్పుడు నాకు ఫోన్ చేసి ఒక మాట అంది. "అబ్బాయ్, గుంటూరు పక్కన డబ్బులు కట్టి ఉండే హోములున్నాయంట. ఒకటి చూడు. ఎవరూ కట్టొద్దు, నా డబ్బు నేనే కట్టుకుంటా."

ఇంట్లో పెద్ద గొడవ. మామయ్యకి చాలా కోపం వచ్చింది. "నేను బతికుండగా మా అమ్మ ఆశ్రమంలో ఉంటే ఊళ్లో తలెత్తుకుని తిరగగలనా?" అన్నారు. ఆయన బాధ అబద్ధం కాదు. మన దగ్గర వృద్ధాశ్రమం అంటే గెంటేసినవాళ్లు ఉండే చోటు అని సినిమాలు కూడా గట్టిగా చూపించాయి. తన డబ్బుతో, తన ఇష్టంతో వెళ్లే మనిషికి మన భాషలో సరైన పేరే లేదు.

సరే, ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఆ గొడవకి నెల ముందు, అమ్మమ్మ పేరు మీదున్న రెండున్నర ఎకరాలు మామయ్యకి, అమ్మకి గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేద్దామని ఇంట్లో అనుకున్నారు. డాక్యుమెంట్ టైపు చేయించింది నేనే. రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్లాట్ బుక్ చేసింది నేనే. ఆన్‌లైన్‌లో అరగంటలో అయిపోయిందని గొప్పగా కూడా చెప్పుకున్నా. అమ్మమ్మ ఆ కాగితం మొత్తం నాతో చదివించుకుని ఒకే ప్రశ్న అడిగింది. "ఇది రాసిచ్చాక నా చేతిలో ఏముంటదిరా?"

నా దగ్గర జవాబు లేదు. బీటెక్ చదివా, నాలుగేళ్లు కోడ్ రాశా, ఒక్క ఎడ్జ్ కేస్ వదలకుండా టెస్ట్ చేసేవాణ్ణి. ఇంట్లో మనిషి విషయంలో అసలు కేసే చూడలేదు. స్లాట్ క్యాన్సిల్ చేశా. తర్వాత రెండు నెలలు కూర్చుని నేర్చుకున్నదే ఈ ఎపిసోడ్.

అసలు సమస్య ఎక్కడుంది?

సింపుల్‌గా చెప్పాలంటే, మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చాలామంది పెద్దవాళ్ల దగ్గర ఆస్తి ఉంటుంది, చేతిలో డబ్బు ఉండదు. నల్లరేగడి ఎకరం లక్షలు పలుకుతుంది. కానీ ఆ ఎకరం నెల నెలా జీతం ఇవ్వదు. పత్తి జూన్, జూలైలో వేస్తే తీతలు దసరా తర్వాత మొదలవుతాయి. మిరపకాయలు కల్లాల్లో ఎండి, టిక్కీలకెక్కి యార్డుకి వచ్చేది సంక్రాంతి నుంచి ఎండాకాలం దాకా. కౌలు డబ్బు వచ్చేదీ ఏడాదికి ఒకసారో రెండుసార్లో. హోం వాళ్లు మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖులోపు కట్టమంటారు.

పైగా ఆ ఏడాది డబ్బు కూడా గ్యారంటీ లేదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, ప్రకాశంలో మిరప తోటలు ఎలా పోయాయో ఇక్కడివాళ్లకి గుర్తుండే ఉంటుంది. తర్వాత ధర 20 వేలు దాటిన రోజులు చూశాం. మళ్లీ 2025 మొదట్లో ధర పడిపోతే, కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీం కింద క్వింటాల్‌కి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ధర అలా పడితే కౌలు రైతు ఏం కడతాడు? అతని దగ్గరే లేకపోతే మీ అమ్మమ్మకి ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు? అంటే అమ్మమ్మ ఉండే గది అద్దె మిర్చి యార్డు రేటు మీద ఆధారపడకూడదు. ఇది మొదటి పాయింట్.

ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?

ఇస్తుంది, కానీ హోం ఖర్చుకి సరిపడేంత కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పెన్షన్ 2024 జూలై నుంచి నెలకి 4,000. దానికి భూమి, ఆదాయం మీద అర్హతలున్నాయి. వస్తే మందులకి ఉంటుంది, దాన్ని నమ్ముకుని హోం ప్లాన్ వేయొద్దు.

ఆరోగ్యం విషయానికొస్తే, 70 ఏళ్లు దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఏడాదికి 5 లక్షల వరకు. కానీ బాగా గుర్తుపెట్టుకోండి, అది హాస్పిటల్‌లో చేరితే. హోంలో ఉండటానికి, అన్నం పెట్టి స్నానం చేయించే మనిషికి రూపాయి రాదు. మీరు కట్టే మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ కూడా అంతే.

జర్మనీలో 1995 నుంచి, జపాన్‌లో 2000 నుంచి దీనికోసమే తప్పనిసరి ఇన్సూరెన్స్ ఉంది. వయసులో ఉన్నప్పుడు అందరూ కడతారు, మంచాన పడ్డప్పుడు అందులోంచి వస్తుంది. ఇంగ్లాండ్‌లో ఇంకో పద్ధతి. నీ ఆస్తి 23,250 పౌండ్లు దాటితే కేర్ హోం ఖర్చు మొత్తం నువ్వే కట్టుకో అంటారు. చాలామంది ఇల్లు అమ్ముకుని కడతారు. మన దగ్గర ఈ రెండూ లేవు. ఇక్కడ ఇన్సూరెన్స్ అంటే కొడుకే. ఆ కొడుకు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన రాష్ట్రంలో సగటున ఒక్కో మహిళకి పిల్లలు 1.7. రెండు కూడా లేవు. ఆ ఒకరిద్దరి మీదే మొత్తం బరువు పెట్టేముందు ఒక్కసారి ఆలోచించాలి.

పిల్లల మీద కేసు వేస్తే?

2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు. ట్రైబ్యునల్ అంటే భయపడకండి, మన దగ్గర అది ఆర్డీవో ఆఫీసే. గుంటూరు, తెనాలి, నరసరావుపేట, ఒంగోలు, మీది ఏ డివిజన్ అయితే అక్కడ. పిల్లలు లేనివాళ్లు కూడా, తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా తర్వాత తమ ఆస్తి వచ్చే బంధువు మీద అడగొచ్చు. చట్టంలో రాసినదాని ప్రకారం నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు.

కానీ ఆ చట్టంలో ఒక లిమిట్ ఉంది. ఇప్పించే పోషణ ఖర్చు నెలకి 10 వేలు మించకూడదు. మేం గుంటూరు చుట్టుపక్కల మూడు హోములు చూశాం. ఒక్కరుండే గదికి మాకు చెప్పినవి 12 వేల నుంచి 25 వేల దాకా. అంటే కొడుకు మీద కేసు గెలిచినా ఆ డబ్బు హోంకి చాలదు. కేసు వేసుకున్న కొడుకుతో పండక్కి మాటలుండవు, అది వేరే ఖర్చు.

రాసిచ్చేసిన పొలం వెనక్కి వస్తుందా?

ఇది చాలా ముఖ్యం, కొంచెం నెమ్మదిగా చెప్తా. అదే 2007 చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చట్టం వచ్చాక పెద్దవాళ్లు "నన్ను చూసుకోవాలి" అనే షరతుతో ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీ చెల్లదని ట్రైబ్యునల్ ప్రకటించొచ్చు. వినడానికి బాగుంది కదా? కిటుకు ఆ షరతులో ఉంది.

2022 డిసెంబర్‌లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, అలాంటి షరతు ఉందని చూపించాలి, ఊరికే ప్రేమతో రాసిచ్చిన దానికి ఈ సెక్షన్ దానంతటదే వర్తించదు అని. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో కోర్టు పెద్దవాళ్లవైపు ఇంకాస్త ఉదారంగా చూసింది. అక్కడ గిఫ్ట్ డీడ్‌తో పాటు, తల్లిని చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. ఆ తల్లికి ఆస్తి తిరిగి వచ్చింది. కానీ ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. మన అమ్మమ్మలు అంత దూరం వెళ్తారా?

నేను టైపు చేయించిన డాక్యుమెంట్ మళ్లీ తీసి చూశా. "ప్రేమాభిమానములతో" అని ఉంది. "ఈ రోజే స్వాధీనపరచడమైనది" అని ఉంది. చూసుకోవాలనే షరతు ఎక్కడా లేదు. బతికున్నంతకాలం కౌలు నాకే రావాలి అనే ముక్క కూడా లేదు. నిజంగా చెమట పట్టింది. మామయ్య మోసం చేసే మనిషి కాదు. కానీ రేపు మామయ్యకే ఏమైనా అయితే? ఆ పొలంలో ఎక్కువ భాగం అత్తయ్యకి, పిల్లలకి వెళ్తుంది. వాళ్లకి అమ్మమ్మ హోం ఫీజు కట్టాల్సిన పనేముంది?

అందుకే పెద్దవాళ్లు ఆస్తి ఇవ్వాలనుకుంటే, ఈ క్రమంలో ఆలోచించండి. మొదటిది వీలునామా. అది పోయిన తర్వాతే అమల్లోకి వస్తుంది. బతికున్నంతకాలం పొలం వాళ్లదే, మనసు మారితే ఎన్నిసార్లైనా తిరగరాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులుండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. ఆస్తి వచ్చేవాళ్లని సాక్షులుగా పెట్టకండి. రెండోది, ఇప్పుడే రాసివ్వక తప్పదు అంటే, జీవితాంతం అనుభవించే హక్కు పెద్దవాళ్లు ఉంచుకుని, చూసుకోవాలనే షరతు స్పష్టంగా రాయించి ఇవ్వాలి. ఏమీ లేకుండా ఖాళీగా రాసిచ్చేయడం ఆఖరిది, నన్నడిగితే అసలు వద్దు.

ఇంకొక మాట. మా అమ్మమ్మ పొలం వాళ్ల నాన్న పసుపుకుంకుమ కింద ఇచ్చింది. ఇలా పుట్టింటివాళ్లిచ్చిన పొలం మీద ఆడవాళ్లకి అనుభవం తప్ప హక్కు లేదని కొంతమంది అంటుంటారు. తప్పు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆమెకున్న ఆస్తికి ఆమే సంపూర్ణ హక్కుదారు. అమ్ముకోవాలంటే ఎవరి సంతకం అక్కర్లేదు.

సరే, ఇప్పుడు లెక్క

మా అమ్మమ్మ లెక్కే చూపిస్తా, మీ నంబర్లు మీరు మార్చుకోండి. రెండున్నర ఎకరాల్లో ఒక ఎకరం అమ్మితే మా ఊళ్లో వచ్చే ధర 22 లక్షలు. అందులో 20 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీంలో. పోస్టాఫీసులో, చాలా బ్యాంకుల్లో ఉంటుంది. 60 దాటినవాళ్లు ఎవరైనా వేయొచ్చు, పరిమితి 30 లక్షలు. వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం. ప్రభుత్వం కొత్త ఖాతాలకి రేటు మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది గానీ, మీరు వేసిన రోజు ఉన్న రేటు ఐదేళ్లూ మారదు.

20 లక్షలకి ఏడాదికి 1,64,000. మూడు నెలలకోసారి 41,000 అకౌంట్లో పడుతుంది. నెలకి లెక్కేస్తే 13,667. మిగతా ఎకరంన్నర కౌలు, ఎకరానికి 30 వేలు అనుకుంటే ఏడాదికి 45,000, నెలకి 3,750. రెండూ కలిపితే 17,417. మేం చూసిన వాటిలో అమ్మమ్మకి నచ్చిన హోం 15,000. మందులు, సబ్బులు, ఫోన్ రీచార్జ్ 2,000. మొత్తం 17,000. నెలకి 417 మిగులు! అమ్మమ్మ నవ్వి, "దాంతో పకోడీలు కొనుక్కుంటాలే" అంది.

కానీ ఆగండి. ఇక్కడే చాలామంది లెక్క ఆపేస్తారు. హోం ఫీజు ఏటా పెరుగుతుంది. ఏడాదికి 8 శాతం పెరిగిందనుకుందాం. మన దగ్గర వడ్డీ, కౌలు అలాగే ఉన్నాయి. ఆరో ఏడాదికి ఖర్చు నెలకి దాదాపు 25,000. ఆదాయం అదే 17,417. నెలకి ఏడున్నర వేలు తక్కువ. పదో ఏడాదికి ఖర్చు 34,000 దగ్గరికి వస్తుంది, అంటే సగానికి సగం తక్కువ. మరి ఎలా?

ఆ తేడాకి అసలులోంచి తీయాలి. నేను ఎక్సెల్‌లో వేసి చూశా. పదేళ్లకి, తీసినదానివల్ల తగ్గే వడ్డీతో కలిపి, ఆ 20 లక్షల్లో సుమారు 11 లక్షలు ఖర్చవుతాయి. వడ్డీ రేటు ఇప్పుడున్నట్టే ఉంటే అని ఈ లెక్క, తగ్గితే ఇంకొంచెం ఎక్కువ పోతుంది. అప్పటికి అమ్మమ్మకి 84. చేతిలో ఇంకా 9 లక్షలు, విడిగా పెట్టిన 2 లక్షలు, ఎకరంన్నర పొలం ఉంటాయి. కౌలు ఒక ఏడాది రాకపోయినా ఆ 2 లక్షలు కాపాడతాయి. అంటే సరిపోతుంది! ఎవరినీ అడగకుండా సరిపోతుంది.

ఈ లెక్క చూపించినప్పుడు అమ్మ ఒక మాట అంది. "అసలు ముట్టుకోకూడదురా, అది పిల్లలది." చూడండి ఫ్రెండ్స్, మన ప్రాంతంలో ఇది రక్తంలో ఉంది. కడుపు కట్టుకుని ఎకరం కొంటారు, ఆ ఎకరం అమ్మడమంటే పరువు పోయినట్టే. నేను దాన్ని తీసిపారేయడం లేదు, ఆ పొదుపువల్లే నా ఫీజు కట్టారు. కానీ 74 ఏళ్ల మనిషి అసలు ముట్టుకోకుండా రాత్రంతా బాత్రూంలో పడి ఉంటే, ఆ అసలు ఎవరి కోసం? ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. పెద్దవాళ్ల అసలు మొదట పెద్దవాళ్లది. మిగిలితే మనది.

కొన్ని ప్రాక్టికల్ విషయాలు

ఒకటి, 20 లక్షలు ఒకే ఖాతాలో వేయకండి. ఐదేసి లక్షలు నాలుగు ఖాతాలుగా వేయండి. మధ్యలో డబ్బు కావాలంటే ఒక్కదాన్నే మూసేయొచ్చు. ఏడాది దాటి రెండేళ్లలోపు మూస్తే అసలులో ఒకటిన్నర శాతం, రెండేళ్లు దాటాక ఒక శాతం కోత. నాలుగు ముక్కలుంటే కోత ఒక ముక్కకే.

రెండు, పన్ను. పల్లెటూరి పొలం అమ్మితే సాధారణంగా ఇన్‌కం ట్యాక్స్ లేదు, కానీ టౌన్ దగ్గరుంటే ఉంటుంది. మున్సిపాలిటీ జనాభా 10 వేల నుంచి లక్ష అయితే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షలైతే 6 కిలోమీటర్లు, ఆపైన 8 కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం గుంటూరుది మధ్య కేటగిరీ. ఆ దూరం లోపల ఉంటే అమ్మకముందే ఆడిటర్‌ని అడగండి. వడ్డీ ఏడాదికి లక్ష దాటితే టీడీఎస్ కట్ అవుతుంది. పన్ను పరిధిలోకి రానివాళ్లు డిక్లరేషన్ ఫారం ఇస్తే కట్ చేయరు.

మూడు, పొలం లేదు, ఇల్లే ఉంది అనేవాళ్లకి రివర్స్ మార్టిగేజ్ అని చెప్తుంటారు. ఇల్లు బ్యాంకుకి తాకట్టు పెడితే బ్యాంకే నెలనెలా డబ్బిస్తుంది. 60 దాటినవాళ్లకి. బాగుంది, కానీ ఒక మెలిక ఉంది. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ నియమాల ప్రకారం మీరు ఆ ఇంట్లోనే ఉండాలి. శాశ్వతంగా హోంకి మారిపోతే ఆ అప్పు తీర్చాల్సిన టైం వచ్చినట్టే. అంటే ఇంట్లోనే మనిషిని పెట్టుకోవడానికి పనికొస్తుంది, హోం ఫీజుకి కాదు. పొలానికి ఇది వర్తించదు. పల్లెల్లో గ్రామకంఠం ఇళ్లకి కాగితాలే సరిగ్గా ఉండవు, బ్యాంకు ముందుకు రావడం కష్టం.

నాలుగు, జీపీఏ. "అమ్మమ్మ నా పేరు మీద పవరాఫ్ అటార్నీ ఇస్తే నేను చూసుకుంటా" అనుకుంటాం. కానీ ఇచ్చిన మనిషికి మతిమరుపు ముదిరి మనస్థిమితం పోతే మామూలు జీపీఏ చట్టప్రకారం ముగిసిపోతుంది. సరిగ్గా అవసరమైన రోజున పనిచేయదన్నమాట. అందుకని ఆరోగ్యంగా ఉన్నప్పుడే వడ్డీ నేరుగా సేవింగ్స్ అకౌంట్లో పడేలా, అక్కణ్ణుంచి హోంకి ప్రతి నెలా వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. ఆ అకౌంట్‌లో నమ్మకమైన ఒకరిని జాయింట్‌గా, ఇద్దరిలో ఎవరైనా నడిపేలా పెట్టండి. మా ఇంట్లో ఆ ఒకరు మా అమ్మ.

హోంలో ఏం అడగాలి?

మేం చూసిన ఒక చోట, పేరు చెప్పను, రిసెప్షన్ ఏసీ, గోడ మీద పెద్ద టీవీ. "మంచాన పడితే ఏం చేస్తారు?" అని అడిగితే, "అప్పుడు మీరు తీసుకెళ్లాలండి" అన్నారు. అంటే బాగున్నంతకాలం డబ్బు కట్టి, అసలు అవసరమొచ్చినప్పుడు బయటికి! కాబట్టి ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి.

మంచాన పడితే ఉంచుకుంటారా, అప్పుడు ఫీజు ఎంత? డిపాజిట్ ఎంత, వెళ్లిపోయినా చనిపోయినా ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు? ఫీజు ఏటా ఎంత పెంచుతారు? రాత్రిపూట నర్సు ఉంటుందా, పిలుపు గంట ఉందా? హాస్పిటల్‌కి ఎవరు తీసుకెళ్తారు, ఏ హాస్పిటల్‌కి? ఊరెళ్లి నెల రోజులుంటే ఆ నెల ఫీజు తగ్గుతుందా? జీఎస్టీ కలిపారా? ట్రస్టుగా ఇన్‌కం ట్యాక్స్ రిజిస్ట్రేషన్ ఉన్న హోంలో 60 దాటినవాళ్లకి నెలకి 25 వేల లోపు ఛార్జీకి జీఎస్టీ మినహాయింపు ఉంది, అది కూడా అడగండి.

ఇంకోటి, మధ్యాహ్నం భోజనం టైంలో చెప్పకుండా వెళ్లండి. వాళ్లు చూపించే గది కాదు, అక్కడున్న పెద్దవాళ్ల కంచాలు చూడండి. అమ్మమ్మ నేరుగా వంటగదిలోకెళ్లి పచ్చడి రుచి చూసింది. "కారం చచ్చిపోయింది, గుంటూరులో ఉండి ఇదేం కారం" అని ఆ హోం రిజెక్ట్. నవ్వకండి, మూడు పూటలా తినేది ఆమె.

ఇంకా, ఎవరైనా పెద్దవాళ్లని ఇబ్బంది పెడుతుంటే, లేదా ఏం చేయాలో తోచకపోతే, ఎల్డర్‌లైన్ నంబర్ 14567. టోల్ ఫ్రీ. ఇప్పుడే సేవ్ చేసుకోండి.

ఇప్పుడు ఎక్కడున్నాం?

అమ్మమ్మ వీలునామా రాసింది, పొలం ఇద్దరికీ సమానంగా. గిఫ్ట్ డీడ్ లేదు. ఎకరం బేరం మాట్లాడుతున్నాం. ఈలోగా నెల రోజులు ట్రయల్‌గా హోంలో ఉంది. ఇల్లు మాత్రం అమ్మొద్దని, తాళం తన దగ్గరే పెట్టుకుంది.

మామయ్య మొదటి మూడు వారాలు వెళ్లలేదు, ఫోనూ చేయలేదు. నాలుగో ఆదివారం హైదరాబాద్ నుంచి బయల్దేరి వచ్చారు. నేనూ ఉన్నా. అమ్మమ్మ పక్కగది ఆవిడతో కూర్చుని పప్పులో చింతపండు ఎంత వేయాలో వాదిస్తోంది. మామయ్యని చూసి, "భోజనం టైంకి వచ్చావు, ముందు టోకెన్ తీసుకో, గెస్టుకి 80 రూపాయలు. నేను కడతాలే" అంది. మామయ్య మాట్లాడలేదు. పక్కన కూర్చుని తిన్నారు. వెళ్లేటప్పుడు కారు దగ్గర నాతో, "అల్లుడూ, ఆ ఎక్సెల్ నాకూ పంపు, నాదీ మీ అత్తయ్యదీ వేసుకోవాలి" అన్నారు.

ఇప్పుడు మీకు ఒక పని. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. పొలం, ఇల్లు ఎవరి పేరు మీదున్నాయి? నెలనెలా ఆ పెద్దవాళ్ల సొంత అకౌంట్లో ఎంత పడుతోంది? ఒంటరిగా ఉండలేని రోజు వస్తే వాళ్లు ఎక్కడ ఉండాలనుకుంటున్నారు? మూడోది అడిగాక మీరు మాట్లాడకండి, వినండి. మేం అమ్మమ్మని అది అడగలేదు, ఆమే చెప్పింది కాబట్టి సరిపోయింది.

ఎక్సెల్‌లో మీ నంబర్లు వేసుకోండి, సంతకం పెట్టించేముందు వేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.